నారతాడులా కనిపించే సింథటిక్ తాడు: రంగు తర్వాత, ముందు సాగుడు

తెరచాపతో నడిచే చిన్న చెక్క పడవకి తళతళలాడే తెల్ల తాళ్లు కడితే ఎబ్బెట్టుగా ఉంటుంది, నిజమే. అలాగని అసలు నారతాడే కడితే వానకి తడిసి ఉబ్బుతుంది, పొడవు తగ్గి బిగుసుకుంటుంది, ఆరాక వదులవుతుంది, పైకి బాగానే కనిపిస్తూ లోపల కుళ్లుతుంది. అందుకే చాలామంది గోధుమరంగు సింథటిక్ తాడు వైపు చూస్తారు. చిక్కేమిటంటే, ఆ రంగు కింద ఏ ప్లాస్టిక్ ఉందో కంటికి తెలీదు.

చిన్న ముక్క కోసి, నీళ్ల గ్లాసులో ముంచి, పేటల మధ్య గాలి బుడగలు పోయేదాకా వేళ్లతో బాగా పిసికి వదలండి. ఇలాంటి గోధుమరంగు తాళ్లలో తేలేది సాధారణంగా పాలీప్రొపిలీనే, దాని సాంద్రత 0.91 (నీటిది 1). పాలిస్టర్ (1.38), నైలాన్ (1.14) మునుగుతాయి. పాలీప్రొపిలీన్‌కి ఎండ పడదు. అతినీలలోహిత కిరణాలకి దాని అణువుల గొలుసులు తెగిపోతాయి, రక్షక రసాయనాలు కలపని తాడైతే పెళుసెక్కి పొడి రాలుతుంది. పైగా దాదాపు 165 డిగ్రీలకే కరుగుతుంది, పాలిస్టర్ 250 దాటేదాకా తట్టుకుంటుంది.

ఒక పేట పురి విప్పి చూడండి. నూగు నూగుగా పొట్టి పీచులు కనిపిస్తే అది పత్తిలా వడికిన దారం. మెరుపు లేకపోవడానికి, చేతికి మెత్తగా తగలడానికి కారణం ఆ నూగే. కాకపోతే పొట్టి పీచులు ఒకదాన్నొకటి రాపిడితోనే పట్టుకుని ఉంటాయి కాబట్టి బలం కొంత తగ్గుతుంది. దానికి టెన్షన్ పడక్కర్లేదు. మామూలు 10 మి.మీ. పాలిస్టర్ తాడు తెగాలంటే టన్నుకు మించిన బరువు కావాలి, చిన్న పడవలో తెరచాప లాగే బలం అందులో చిన్న వంతు. అసలు అంత లావు తాడు వాడేదే అరచేతిలో కోసుకుపోకుండా ఉండటానికి!

నా లెక్కలో అసలు చూడాల్సింది సాగుడు. చాపని పైకెత్తి పట్టే తాడు 5 మీటర్లు ఉందనుకోండి, 3 శాతం సాగినా చాప 15 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది, ముందంచు వదులై ముడతలు పడుతుంది, పడవ గాలికి ఎదురు వెళ్లనని మొరాయిస్తుంది. అక్కడ ముందే లాగి, వేడితో స్థిరపరిచిన మూడు పేటల పాలిస్టరే కట్టాలి, కాస్త మెరిసినా సరే. చాపని అటూ ఇటూ తిప్పుతూ చేత్తో పట్టుకునే తాడుకి నూగు పాలిస్టర్ హాయిగా ఉంటుంది. లంగరుకి మాత్రం సాగాలి, అలల కుదుపుని అదే మింగుతుంది కాబట్టి నైలాన్.

కొసలు మంటతో కరిగించి, దారంతో గట్టిగా చుట్టండి. పేటలు అల్లి ఉచ్చు చేసేటప్పుడు నారతాడుకి మూడు దూర్పులు (విప్పిన పేటని తాడు పేటల కిందుగా దూర్చడం) చాలేవి, నునుపైన సింథటిక్‌కి కనీసం అయిదు వేయాలి.