ఇది స్కోపసేనా మేడమ్? యూనివర్సిటీ లైబ్రరీలో వినిపించే అపోహలు - వాస్తవాలు

ఆగస్టు 12 మన దేశ గ్రంథాలయశాస్త్ర పితామహులు ఎస్.ఆర్.రంగనాథన్ గారి పుట్టినరోజుగా జరుపుకునే జాతీయ లైబ్రేరియన్ల దినోత్సవం. ఏటా ఆ రోజుకి మా లైబ్రరీ వరండాలో బల్లలు వేసి, ఆ సంవత్సరం మా అధ్యాపకులు రాసిన పుస్తకాలు, అచ్చయిన వ్యాసాలు పేర్చి పెడతాం. చూడ్డానికి వచ్చేవాళ్లలో చాలామంది అట్ట తిప్పకముందే అడుగుతారు: "ఇది స్కోపసేనా మేడమ్?" స్కోపస్ అంటే పరిశోధన పత్రికల్లో (జర్నళ్లలో) వచ్చే వ్యాసాలనూ, వాటిని ఇతరులు ఎన్నిసార్లు ఉదహరించారన్న లెక్కనూ నమోదు చేసే అంతర్జాతీయ డేటాబేస్.

ఒక స్టేట్ యూనివర్సిటీ లైబ్రరీలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేస్తున్నాను. విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే నాక్ ఫైలుకైనా, కేంద్రం ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకింగుకైనా, ప్రమోషన్ దరఖాస్తుకైనా ప్రచురణల లెక్క తీసి ఇచ్చేది మేమే. ఆ అంకెలు ఎక్కడి నుంచి వస్తాయో, వేటిని చూడలేవో రోజూ కళ్లారా చూస్తుంటాను కాబట్టి ఇది రాయాలనిపించింది.

అపోహ: హెచ్-ఇండెక్స్ ఎంత పెద్దదైతే అంత పెద్ద పండితులు.

ఈ కొలతను 2005లో జార్జ్ హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ప్రతిపాదించారు. మీరు రాసినవాటిలో పది వ్యాసాలను, ఒక్కోదాన్ని కనీసం పదిసార్లు ఇతరులు ఉదహరిస్తే మీ హెచ్-ఇండెక్స్ 10. అంతకు మించి అందులో ఏమీ లేదు. జీవితంలో ఒకే ఒక్క అద్భుతమైన వ్యాసం రాసినవారికి, దాన్ని వేలమంది వాడుకున్నా, ఇది 1 దగ్గరే ఆగిపోతుంది. ఒకే మనిషికి గూగుల్ స్కాలర్‌లో ఒక అంకె, స్కోపస్‌లో మరో అంకె కనిపిస్తాయి. రెండూ వేర్వేరు జాబితాల నుంచి లెక్కిస్తాయి కనుక ఆ తేడా సహజం, దాని గురించి కంగారుపడి మా దగ్గరకు పరుగెత్తుకు రానక్కర్లేదు. రసాయనశాస్త్ర ఆచార్యుల అంకెను చరిత్ర ఆచార్యుల అంకె పక్కన పెట్టి పోల్చడం మాత్రం నిజంగా అన్యాయం. ఒకరి రంగంలో నలుగురైదుగురు కలిసి ఏడాదికి పది వ్యాసాలు రాస్తారు. ఇంకొకరు శాసనాల చుట్టూ తిరిగి ఆరేళ్లకొక పుస్తకం రాస్తారు.

అపోహ: ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఎక్కువున్న విదేశీ జర్నల్లో వస్తేనే గొప్ప పరిశోధన.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ జర్నల్‌కి ఉంటుంది, వ్యాసానికి ఉండదు. గత రెండేళ్లలో ఆ జర్నల్ వేసిన వ్యాసాలను ఈ ఏడాది సగటున ఎన్నిసార్లు ఉదహరించారన్నదే అది. ఆ సగటును పట్టుకుని ఒక్కొక్క మనిషిని కొలవొద్దని పరిశోధనను ఎలా మదింపు చేయాలన్న విషయం మీద 2013లో వెలువడిన శాన్ ఫ్రాన్సిస్కో ప్రకటన స్పష్టంగా చెప్పింది.

ఈ మాట వచ్చినప్పుడల్లా నేను సి.ఆర్.రావు గారి సంగతే చెబుతాను. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఎ. చేసి, ఆపైన కలకత్తా వెళ్లి గణాంకశాస్త్రం చదివిన మనిషి. 1945లో, పాతికేళ్ల వయసులో, కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో ఒక వ్యాసం రాశారు. లండన్ కాదు, న్యూయార్క్ కాదు, ఊళ్లోని సంఘం వేసే పత్రిక. ఈరోజు ప్రపంచంలో ఎక్కడ గణాంకశాస్త్రం చదివినా ఎదురయ్యే క్రామర్-రావు అసమానత, రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం రెండూ ఆ ఒక్క వ్యాసంలోవే. 2023లో ఆయనకు అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి ఇచ్చినప్పుడు ప్రధానంగా చెప్పుకున్నది ఆ 1945 నాటి పనినే. మధ్యలో 78 ఏళ్లు గడిచాయి. రెండేళ్ల కిటికీలోంచి చూసే కొలతకు ఇలాంటి పని ఎలా అందుతుంది? అన్నేళ్లూ ఆ బులెటిన్ బైండు సంపుటాన్ని ఏదో ఒక లైబ్రరీ చెదలు పట్టకుండా కాపాడింది. ఆ సంగతి తలచుకుంటే నా ఉద్యోగం మీద నాకు గౌరవం పెరుగుతుంది.

అపోహ: "ప్రపంచ టాప్ 2 శాతం శాస్త్రవేత్తలు" అనేది స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ఇచ్చే అవార్డు.

జిల్లా పేజీల్లో శాలువాతో ఫొటో వచ్చిన ప్రతిసారీ ఈ మాట కనిపిస్తుంది. అది అవార్డు కాదు. స్టాన్‌ఫర్డ్‌లో పనిచేసే జాన్ ఐయోనిడిస్, మరికొందరు కలిసి స్కోపస్ సమాచారంతో తయారుచేసే పట్టిక. దానికి దరఖాస్తు ఉండదు, ఎంపిక సంఘం ఉండదు. అందులో రెండు జాబితాలుంటాయి: మొత్తం వృత్తి జీవితానికి ఒకటి, ఒక్క సంవత్సరానికి ఇంకొకటి. మీ వార్తలో ఏ జాబితానో రాయండి, చాలు. ఆ పట్టికలో పేరు రావడం కష్టపడితేనే సాధ్యం, అభినందించాల్సిందే. ఉన్నదున్నట్టు రాస్తే ఆ అభినందనకు విలువ తగ్గదు.

అపోహ: ఐఎస్ఎస్ఎన్ నంబరు ఉంది కదా, మంచి జర్నలే.

ఐఎస్ఎస్ఎన్ అంటే పత్రికకు ఇచ్చే ఎనిమిది అంకెల గుర్తింపు సంఖ్య. బండికి నంబరు ప్లేటు ఉన్నంత మాత్రాన బ్రేకులు బాగున్నాయని కాదు కదా, ఇదీ అంతే.

కొన్నేళ్ల క్రితం కొత్తగా చేరిన ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్ కళ్లనీళ్లతో నా గదిలోకి వచ్చింది. మూడు రోజుల్లో అచ్చేస్తామని ఈమెయిల్ వస్తే, ప్రమోషన్ గడువు దగ్గరపడిందని డబ్బు కట్టేసింది. వ్యాసం అచ్చయింది కూడా. ఆరు నెలలకల్లా ఆ వెబ్‌సైటే మాయమైంది. మంచి వ్యాసమది, రెండేళ్ల కష్టం. ఒకసారి అచ్చయిన వ్యాసాన్ని ఇంకో జర్నల్ తీసుకోదు. డబ్బు కట్టేముందు నా దగ్గరకు వచ్చి ఉంటే పది నిమిషాల్లో తేలిపోయేది: సంపాదకవర్గంలో ఉన్నవాళ్లకు ఆ సంగతి తెలుసా, పాత సంచికలు నిజంగా దొరుకుతున్నాయా, స్కోపస్‌లో ఉన్నామని వాళ్లు చెప్పుకుంటుంటే స్కోపస్ సొంత జాబితాలో ఆ పేరుందా అని చూస్తాం. 2025 ఫిబ్రవరిలో యూజీసీ (విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం) తను గుర్తించిన జర్నళ్ల పట్టిక అయిన కేర్ జాబితాను ఆపేసింది కాబట్టి ఇప్పుడు ఈ బాధ్యత మరింతగా మన మీదే పడింది. దయచేసి ముందు అడగండి. ఇలాంటి ప్రశ్న వేసినందుకు ఏ లైబ్రేరియనూ మిమ్మల్ని తక్కువగా చూడరు.

అపోహ: సిమిలారిటీ 10 శాతం లోపు వస్తే కాపీ కొట్టనట్టే.

థీసిస్‌లోని రాత ఇతరుల రాతతో ఎంత కలుస్తోందో సాఫ్ట్‌వేర్ చూపించే శాతమే సిమిలారిటీ. 2018 నాటి యూజీసీ నిబంధనల్లో 10 శాతం వరకు జరిమానా లేదన్న మాట నిజమే. 10 నుంచి 40 వరకు వస్తే ఆరు నెలల్లోపు సవరించి ఇవ్వాలి. 40 దాటి 60 వరకు ఉంటే ఏడాదిపాటు సవరించిన ప్రతి ఇవ్వడానికి వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. అయితే సాఫ్ట్‌వేర్ పట్టుకునేది అక్షరాల పోలికను మాత్రమే, ఆలోచన ఎవరిదో దానికి తెలియదు. ఇంగ్లీషు పుస్తకంలోని అధ్యాయాన్ని తెలుగు చేసి థీసిస్‌లో పెట్టినా రిపోర్టులో చిన్న అంకే రావచ్చు. యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ చదవగలిగే అక్షర పద్ధతి) కాని అను ఫాంట్లలో టైపు చేసిన తెలుగు థీసిస్ అయితే యంత్రానికి అర్థంలేని గుర్తుల వరుసలా కనిపిస్తుంది. అందుకే మా స్కాలర్లకు నేను మొదటిరోజే చెప్పేది, యూనికోడ్‌లో టైపు చేయించుకోమని. దేశంలోని థీసిస్‌లను ఆన్‌లైన్‌లో ఉంచే శోధగంగలో ఎక్కించాక మీ థీసిస్ వెతికితే దొరకాలన్నా అదే దారి.

అపోహ: వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ వచ్చేసింది, ఇక లైబ్రరీతో పనేముంది.

2025 జనవరిలో మొదలైన ఈ పథకం నిజంగా పెద్ద మేలు. 30 మంది ప్రచురణకర్తలవి దాదాపు 13,000 జర్నళ్లు ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుతున్నాయి. ఒకప్పుడు ఒక్క వ్యాసం కోసం వేరే యూనివర్సిటీలోని స్నేహితులను బతిమాలుకున్న రోజులు నాకు గుర్తున్నాయి. కానీ ఇవి జర్నళ్లు. పాఠ్యపుస్తకాలు, పాత తెలుగు పత్రికలు ఇందులో ఉండవు.

అపోహ: రీడింగ్ హాల్లో అందరూ పోటీ పరీక్షలవాళ్లే, లైబ్రరీ పుస్తకాలు ఎవరూ ముట్టుకోవట్లేదు.

గ్రూప్స్‌కీ, డీఎస్సీకీ సొంత పుస్తకాలతో వచ్చి పొద్దుట్నుంచి రాత్రి దాకా కూర్చునే పిల్లల ఇంట్లో చదువుకోవడానికి విడిగా గది ఉండదు. ఫ్యాను, లైటు, నిశ్శబ్దం ఇవ్వడం కూడా మా పనే.

అపోహ: తెలుగులో రాసింది పరిశోధన కింద లెక్కకు రాదు.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది ఇదే. స్కోపస్‌లో కనపడదు అంటే ఒప్పుకుంటాను. పరిశోధన కాదంటే ఒప్పుకోను.

ఉస్మానియాలో భాషాశాస్త్ర ఆచార్యులుగా పనిచేసిన భద్రిరాజు కృష్ణమూర్తి గారు మాండలిక వృత్తిపదకోశానికి పూనుకుని, నాగలి భాగాలనూ విత్తనం పనులనూ ఏ ప్రాంతంలో ఏ మాటతో పిలుస్తారో రైతుల నోటినుంచే సేకరింపజేశారు. వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాల సంపుటం 1971లో వచ్చాయి. ఇవాళ ఆ మాటల్లో ఎన్నో ట్రాక్టరు కింద కలిసిపోయాయి. ఆ సంపుటాలు లేకపోతే మళ్లీ సేకరించడం ఎవరి తరమూ కాదు. మా రిఫరెన్స్ సెక్షన్‌లో చేనేత సంపుటం అట్ట రెండుసార్లు మార్పించాం. అంతగా చేతులు మారింది.

1924లో మొదలైన భారతి పత్రిక పాత సంచికలు తిరగేస్తే చరిత్ర, ఛందస్సు, శాసనాల మీద ఎంత లోతైన వ్యాసాలో. వాటిని ఈనాటి తెలుగు థీసిస్‌లు ఉదహరిస్తూనే ఉన్నాయి. ఆ ఉదహరింపులను లెక్కపెట్టే యంత్రం మాత్రం లేదు. అందుకే మేం చేత్తో మొదలుపెట్టాం. మా తెలుగు, చరిత్ర శాఖల్లో పనిచేసి వెళ్లిన ఆచార్యుల వ్యాసాలకు ఒక్కొక్కటిగా కార్డు రాసి, స్కాన్ చేసి, యూనికోడ్‌లో శీర్షిక పెట్టి మా రిపాజిటరీలో, అంటే డిజిటల్ భాండాగారంలో చేరుస్తున్నాం. ఒక ఆచార్యుల కూతురు నాన్నగారి కాగితాలని రెండు ట్రంకుపెట్టెలు ఆటోలో తెచ్చి దింపింది. అందులో యాభై ఏళ్లనాటి సదస్సు పత్రాలున్నాయి, మార్జిన్లలో ఆయన సవరణలతో సహా. ఇంకెక్కడా వాటి ప్రతి మాకు కనపడలేదు.

మీ ఇంట్లో ఇలాంటి పెట్టె ఉంటే తూకానికి వేసేముందు దగ్గర్లోని యూనివర్సిటీ లైబ్రరీకి ఒక్క ఫోన్ చేయండి. చెదలు తిన్నవీ, అంచులు రాలుతున్నవీ కూడా పారేయొద్దు. కాగితాల వరుస మార్చకుండా, ఎలా ఉన్న కట్ట అలాగే తీసుకురండి.