బావి ఒరలూ బొగ్గు గనీ

కోనసీమలో మా ఇంటి బావికి పద్నాలుగు ఒరలు. వేసవిలో కాలువలు కట్టేస్తే కొద్ది రోజులకే నీళ్లు రెండు మూడు ఒరలు దిగిపోతాయి, మళ్లీ జూన్‌లో కాలువ వదిలాక మెల్లగా పైకొస్తాయి. అమ్మ ఎప్పుడూ ఏదీ రాసిపెట్టుకోలేదు కానీ, నీళ్లు తోడుతూ ఒకసారి లోపలికి వంగి చూసి "ఈ ఏడు అప్పుడే ఆరో ఒర బయటపడింది, తొందరగా దిగింది" అనేది. తొందరగా అనాలంటే పోయిన ఏడాది, అంతకు ముందటేడాది ఎంత దిగిందో తెలిసి ఉండాలి కదా. బొగ్గు గనుల దగ్గర నీటిని కనిపెట్టుకుని ఉండే పని మొత్తం ఆ ఒక్క మాట మీదే నడుస్తుంది.

మన డెల్టాలో బొగ్గు గనులు లేవు, నిజమే. కానీ ధవళేశ్వరం దగ్గర మన కాలువల్లోకి తిరిగే నీళ్లు మంచిర్యాల, రామగుండం, మణుగూరు మీదుగా వస్తాయి. అదంతా సింగరేణి బొగ్గు నేల. అక్కడ బొగ్గు పొరలు ఇసుకరాయి పొరల మధ్య ఉంటాయి, ఆ ఇసుకరాయి నీళ్లు పట్టి ఉంచుతుంది. ఓపెన్‌కాస్ట్ గనిలో పైనున్న మట్టీ రాయీ మొత్తం తీసేసి బొగ్గు తవ్వుతారు కాబట్టి గుంత భూగర్భజల మట్టం కిందికి దిగిన రోజు నుంచీ చుట్టూ ఉన్న రాతిలోంచి నీళ్లు ఊరి అందులోకి చేరతాయి. వాటిని పంపులతో తోడేస్తూనే ఉండాలి, లేకపోతే గని మునుగుతుంది. తోడేకొద్దీ చుట్టుపక్కల నీటిమట్టం గరాటులా గని వైపు వాలుతుంది. దగ్గరి ఊళ్లో బావి ఎండుతుంది.

ఇక్కడే గొడవ మొదలవుతుంది. ఊరివాళ్లు గని వల్లే అంటారు, గని వాళ్లు వానల్లేక అంటారు. తేల్చేది పీజోమీటర్. పేరు పెద్దదే గానీ అది నీళ్లు తోడటానికి కాకుండా మట్టం చూడటానికి మాత్రమే వేసే సన్నని బోరు. కొలిచే పాత పద్ధతి ఒకటి నాకు భలే నచ్చుతుంది. స్టీలు టేపు చివరి కొన్ని అడుగులకు సుద్ద రుద్ది, పైపు అంచు దగ్గర ఒక అంకె సరిగ్గా పట్టుకునేలా లోపలికి వదిలి, పైకి లాగి చూస్తారు. సుద్ద తడిసి రంగు మారినచోట గీత పడుతుంది. అంచు దగ్గరి అంకెలోంచి ఆ గీత దగ్గరి అంకె తీసేస్తే నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో వచ్చేస్తుంది. ఒక్కో పీజోమీటర్ ఒక్క పొర నీటినే చూడాలి, రెండు పొరల నీళ్లు కలిస్తే వచ్చే అంకె ఏ పొరదీ కాదు.

గని ప్రభావం చేరని దూరంలో కూడా కొన్ని ఇలాంటి బోర్లు ఉండాలి. వానలు తగ్గితే దగ్గరివీ దూరంవీ కలిసే దిగుతాయి. దగ్గరివి మాత్రమే దిగితే కారణం గనిలో వెతకాలి. అన్నిటికంటే ముఖ్యం, తవ్వకం మొదలుకాక ముందు కనీసం ఒక ఏడాది, ఎండాకాలం వానాకాలం రెండూ చూసి రాసిపెట్టిన లెక్క. అది లేకుండా తర్వాత ఎంత ఖరీదైన పరికరం పెట్టినా "తొందరగా దిగింది" అని ఎవరూ అనలేరు.

మట్టం ఒక్కటే కాదు, నీళ్ల గుణం కూడా చూడాలి. బొగ్గుతో పాటు పైరైట్ అనే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం ఉంటుంది. గాలీ నీరూ తగిలితే అది సల్ఫ్యూరిక్ ఆమ్లం అవుతుంది. మేఘాలయ బొగ్గులో గంధకం ఎక్కువ, అందుకే అక్కడ కొన్ని వాగుల నీళ్లు ఆమ్లంగా మారాయి. గోదావరి లోయ బొగ్గులో గంధకం చాలా తక్కువ. అంతమాత్రాన ధీమాగా ఉండకూడదంటాను. రాతిలో సున్నపు ఖనిజాలుంటే అవి ఆమ్లాన్ని విరిచేస్తాయి, పీహెచ్ చూస్తే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది, కానీ ఆ ఆమ్లంలోంచి వచ్చిన సల్ఫేట్ మాత్రం నీళ్లలోనే ఉండిపోతుంది. ఏడాదికేడాది సల్ఫేట్ పెరుగుతోందంటే కింద ఏదో జరుగుతున్నట్టే. గనిలో రాయి పేల్చడానికి వాడే మందులో అమ్మోనియం నైట్రేట్ ఉంటుంది కాబట్టి నైట్రేట్ కూడా చూస్తారు.

వాగుల సంగతి వేరు. గని నీళ్లు కలిసేచోటుకు ఎగువన ఒకటి, దిగువన ఒకటి, అదే రోజు రెండు నమూనాలు తీయాలి. వదిలే నీటిలో తేలే మన్ను లీటరుకు 100 మిల్లీగ్రాములు దాటకూడదని నిబంధన. అందుకే ముందు చెరువుల్లాంటి గుంతల్లో నిలబెట్టి మన్ను కిందికి దిగాక వదులుతారు. తొలకరికి మట్టి దిబ్బలు కోసుకుపోయే రోజుల్లో నమూనా తీయకపోతే అసలు సంగతి తెలియదు. ఎండాకాలంలో వాగు సన్నబడ్డప్పుడు కూడా తీయాలి, అప్పుడే కరిగిన లవణాలు చిక్కగా కనిపిస్తాయి. ఆగస్టులో ఎర్రనీళ్లతో ధవళేశ్వరం గేజీ 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చేటప్పుడు ఇక్కడ నీళ్లు పరీక్షించి ఎగువన ఒక గని ఏం చేసిందో చెప్పడం దాదాపు అసాధ్యం. అంత నీటిలో కలిసిపోతుంది. కొలవాల్సింది అక్కడ, ఆ చిన్న వాగు దగ్గర.

భద్రాచలంలో గోదావరి 43 అడుగులకు చేరి మొదటి హెచ్చరిక ఇచ్చారంటే మనకు టెన్షన్ మొదలవుతుంది, ఎందుకంటే ఆ నీళ్లు మన దగ్గరికే వస్తాయని తెలుసు. గని పక్క ఊరి బావికి అలాంటి హెచ్చరిక లేదు, పీజోమీటర్ లెక్క ఊరివాళ్లకు చెబితే తప్ప. పంచాయతీ గోడ మీద నెలనెలా ఆ అంకె రాయడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

బొగ్గు అయిపోయాక పంపులు ఆపేస్తారు. నీళ్లు తిరిగి పైకి రావడానికి ఏళ్లు పడుతుంది, తిరిగి పూడ్చిన మట్టిలోంచి లవణాలు కరిగించుకుంటూ వస్తాయి. ఆ ఏళ్లన్నీ కూడా టేపు వదిలి, సుద్ద గీత చూసి, రాయాల్సిందే.