చెక్ అనే మాట వెనకున్న రాజుగారు

చిరంజీవులు హాసినికి, విక్కీకి తాతయ్య ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

మొన్న ఫోన్లో విక్కీ అడిగాడు కదా, "చెస్‌లో చెక్, బ్యాంకులో చెక్కు, చెక్స్ షర్ట్, చెక్ పోస్ట్... ఇంగ్లిష్ వాళ్లకి మాటలు కరువా తాతయ్యా?" అని. ఫోన్లో చెబితే సగంలో ఆటకి పారిపోతాడని ఉత్తరం రాస్తున్నాను.

మాటలేం కరువు కాదురా. నువ్వు చెప్పినవన్నీ ఒకే మాట. దాని అసలు అర్థం రాజు.

పారశీక భాషలో రాజుని షా అంటారు. షాజహాన్, నాదిర్ షా పేర్లలో ఉన్నది అదే. హైదరాబాదు కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా పేరు చివర ఉన్నదీ అదే. అంటే గోల్కొండ సుల్తాను బిరుదుకీ, జూబ్లీహిల్స్ చెక్ పోస్టుకీ చుట్టరికం ఉందన్నమాట! ఎలాగో చెబుతాను.

చదరంగం మన దేశంలో పుట్టింది. ఏనుగులు, రథాలు, గుర్రాలు, కాల్బలం కలిసిన నాలుగంగాల సైన్యమే చతురంగం. సుమారు 6వ శతాబ్దంలో ఈ ఆట పర్షియా చేరి 'చత్రంగ్' అయింది. అక్కణ్ణించి అరబ్బుల దగ్గరికి వెళ్లి 'షత్రంజ్' అయింది. పర్షియాలో ఆడేవాళ్లు ఎదుటివాడి రాజు మీదికి దాడి తెచ్చినప్పుడు "షా!" అని హెచ్చరించేవారు, రాజుని చూసుకోవయ్యా అని. రాజు ఎటూ కదల్లేకపోతే "షా మాత్" అనేవారు. రాజు చచ్చాడని కొందరు అర్థం చెబుతారు గానీ, రాజు దిక్కుతోచక ఉండిపోయాడు అన్నదే సరైన అర్థమని పండితుల మాట. నాకూ అదే సబబనిపిస్తుంది. చదరంగంలో రాజుని చంపడం ఎక్కడుంది? ఆ షా మాత్ నుంచే చెక్‌మేట్ వచ్చింది.

అరబ్బుల ద్వారా ఆట యూరప్ చేరేసరికి 'షా' లాటిన్‌లో 'స్కాకస్' అయింది. ఫ్రెంచి వాళ్ల నోట్లో 'ఎషెక్' అయింది. ఇంగ్లండ్‌లో దానికి ముందున్న 'ఎ' ఊడిపోయి 'చెక్' మిగిలింది. దాని బహువచనమే 'చెస్'. చెక్, చెస్ రెండూ ఒకటేనని హాసిని తన కోచ్‌కి చెప్పి చూడమను.

ఇక్కడో మాట. ఇంగ్లిష్‌లో ప్రతి మాటా సంస్కృతం నుంచే వెళ్లిందని వాట్సాప్‌లో మెసేజ్‌లు తిరుగుతుంటాయి. నమ్మకండి. ఆట మనది, చెక్ అనే మాట మాత్రం పారశీకులది. కాకపోతే షా అనే మాటకి మన 'క్షత్ర', 'క్షత్రియ' దగ్గరి బంధువులు. పాలించడం అనే అర్థమున్న ఒకే పాత ధాతువు నుంచి రెండు వైపులా పెరిగిన మాటలవి.

సరే, రాజు బ్యాంకులోకి ఎలా వచ్చాడు?

ఫ్రెంచిలో చదరంగం బల్లని 'ఎషెకియే' అనేవారు. 12వ శతాబ్దంలో ఇంగ్లండ్ రాజుగారి లెక్కలు పది అడుగుల పొడవు, అయిదు అడుగుల వెడల్పు ఉన్న ఒక బల్ల మీద చూసేవారు. దాని మీద గీతలున్న నల్లటి గుడ్డ పరిచేవారు. అప్పట్లో వాళ్లకున్నవి రోమన్ అంకెలు. వాటితో ఓ పెద్ద కూడిక వేసి చూడండి, కష్టమేమిటో తెలుస్తుంది. అందుకే పెన్నీలకో వరస, షిల్లింగులకో వరస, పౌండ్లకో వరస పెట్టి, వాటిలో బిళ్లలు జరుపుతూ లెక్క కట్టేవారు. జిల్లాల్లో శిస్తు వసూలు చేసిన షెరీఫ్ బల్లకి ఒకవైపు, ఖజానా అధికారులు ఇంకోవైపు కూర్చునేవారు. ఖజానా చూసిన రిచర్డ్ ఫిట్జ్‌నీల్ దీని మీద లాటిన్‌లో ఒక పుస్తకమే రాశాడు. ఇది షెరీఫ్‌కీ ఖజానాదారుకీ మధ్య జరిగే చదరంగం అని అందులో అన్నాడు. చదరంగం బల్లలా ఉన్న ఆ బల్ల పేరే ఆఫీసు పేరయింది, ఇంగ్లిష్‌లో అది 'ఎక్స్‌చెకర్'. ఈనాటికీ బ్రిటన్ ఆర్థిక మంత్రిని 'చాన్సలర్ ఆఫ్ ది ఎక్స్‌చెకర్' అంటారు. ప్రధాని కాకముందు రిషి సునాక్ చేసిన ఉద్యోగం అదే.

ఆ ఆఫీసులో రసీదులు కాగితాలు కావు, కర్ర ముక్కలు. గాట్లు పెట్టి నిలువునా చీల్చి చెరో ముక్కా ఉంచుకునేవారు. అలా పోగైన పాత కర్రల్ని 1834లో పొయ్యిల్లో వేసి తగలబెట్టబోతే ఆ మంట అంటుకుని పార్లమెంటు భవనమే కాలిపోయింది! (కర్ర అన్నాను కదా అని మన తెలుగు 'చెక్క'ని దీనికి ముడిపెట్టకండి. దానికీ చెక్‌కీ ఏ సంబంధమూ లేదు.)

బల్ల మీది గళ్ల నుంచే గళ్ల గుడ్డకి చెక్స్ అన్న పేరొచ్చింది. నా లుంగీతో సహా.

మిగతా అర్థాలు ఆటలోంచే వచ్చాయి. రాజుకి చెక్ చెబితే ఇంకే ఎత్తూ వేయడానికి లేదు, ముందు రాజు సంగతి చూడాలి. అలా చెక్ అంటే ఆపడం, అదుపు చేయడం అయింది. లారీని ఆపేది చెక్ పోస్ట్, వాగు నీళ్లని ఆపేది చెక్ డ్యామ్. తప్పు జరగకుండా అదుపు చేయాలంటే సరిచూడాలి కదా. కాబట్టి లెక్క సరిచూడటమూ చెక్ చేయడమే అయింది. మన తెలుగు పేపర్లు మాత్రం చదరంగం అర్థాన్ని వదల్లేదు. "దళారులకు చెక్" అని హెడ్డింగు పెడతారు చూడండి, అచ్చంగా ఆటలో మాటే.

నేను ఉద్యోగమంతా ముట్టుకున్న బ్యాంకు చెక్కు కథ ఇంకా తమాషా. 18వ శతాబ్దం మొదట్లో చెక్ అంటే డబ్బిచ్చే కాగితం కాదు. దొంగ సంతకాల మోసం జరక్కుండా సరిచూసుకోవడానికి చించగా మిగిలే ముక్క, మనం కౌంటర్‌ఫాయిల్ అంటామే, అది. తర్వాత్తర్వాత ఆ పేరు అసలు కాగితానికే అంటుకుంది. ఎక్స్‌చెకర్ స్పెల్లింగు చూసి ఇంగ్లిష్ వాళ్లు దాని చివర క్యు-యు-ఇ తగిలించారు. అమెరికా వాళ్లు సి-కె తోనే సరిపెట్టుకున్నారు. పైగా హోటల్లో తిన్న బిల్లుని కూడా చెక్ అనే అంటారు, డాలస్‌లో మీ అత్తని అడగండి.

పరీక్షలో మాత్రం క్యు-యు-ఇ అనే రాయండి, లేకపోతే మార్కు పోతుంది.

ఇట్లు,
మీ తాతయ్య