ర్యామ్ కరువులో పిల్లలకి గేమింగ్ పీసీ: అపోహలు - వాస్తవాలు

"పరీక్షలు బాగా రాస్తే కంప్యూటర్ కొనిస్తాం" అని మాటిచ్చిన ఇళ్లకి ఈమధ్య పెద్ద చిక్కొచ్చి పడింది. 2025 చివరి నుంచి ర్యామ్ (కంప్యూటర్ పనిచేసేటప్పుడు వాడుకునే మెమరీ) ధరలు కొండెక్కాయి. ప్రపంచంలో ర్యామ్ చిప్పులు చేసే పెద్ద కంపెనీలు మూడే: శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఏఐ డేటా సెంటర్లకి కావాల్సిన హెచ్‌బీఎం మెమరీకి లాభం ఎక్కువ. పైగా అదే జీబీకి మామూలు పీసీల్లో వాడే డీడీఆర్5 ర్యామ్ కన్నా సుమారు 3 రెట్లు సిలికాన్ పడుతుంది. అందుకే మన వాటాకి చిప్పులు తగ్గాయి. 2025 డిసెంబరులో మైక్రాన్ తన క్రూషియల్ బ్రాండు ర్యామ్‌లూ ఎస్‌ఎస్‌డీలూ (ఫైళ్లు దాచే డ్రైవులు) మామూలు కొనుగోలుదారులకి అమ్మడం మానేస్తున్నట్టు ప్రకటించింది.

ఇలాంటప్పుడు డబ్బు వృథా అయ్యేది ధరలవల్ల కన్నా తప్పుడు లెక్కలవల్లే. కరువు అన్ని భాగాలకీ ఒకేలా ఉండదు. ర్యామ్ కొనడం వాయిదా వేయలేం, అది లేకపోతే మెషిన్ ఆన్ కాదు. గ్రాఫిక్స్ కార్డుని మాత్రం ఆరు నెలలు వాయిదా వేయొచ్చు. మిగతా ఎంపికలన్నీ ఈ తేడా మీదే నడవాలి.

అపోహ: గ్రాఫిక్స్ కార్డు లేనిదే గేమింగ్ పీసీ కాదు.

పిల్లలు ఏం ఆడతారో ముందు వాళ్లనే అడగండి. వాలరెంట్, మైన్‌క్రాఫ్ట్, జీటీఏ 5 అంటే రైజెన్ 5 5600జీ లాంటి, లోపలే గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్‌తో మొదలుపెట్టొచ్చు. వాలరెంట్‌ని 1080పీలో లో సెట్టింగ్స్ పెడితే సెకనుకి 60 ఫ్రేములు హాయిగా దాటుతుంది. కొత్తగా వచ్చే భారీ ఆటలకి ఇది చాలదు. ఆ సంగతి పిల్లలకి కొనకముందే చెప్పాలి.

మొదటి విడతలో కొనాల్సినవి: 5600జీ, 4 ర్యామ్ స్లాట్లున్న బీ550 బోర్డు, 8 జీబీ డీడీఆర్4 (డీడీఆర్5 కి ముందుతరం) 3200 ర్యామ్ స్టిక్కులు 2, 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, 550 వాట్ల మంచి ఎస్‌ఎంపీఎస్ (భాగాలకి కరెంటు అందించే పెట్టె), ముందు వైపు జాలీ ఉన్న క్యాబినెట్. రెండో విడతలో ఆర్‌ఎక్స్ 6600 తరగతి గ్రాఫిక్స్ కార్డు చేరుస్తారు. దానికి 132 వాట్లు, ఒక్క 8 పిన్ కనెక్టరు చాలు. అప్పుడు మిగతావి ఏవీ మార్చక్కర్లేదు. ఎస్‌ఎంపీఎస్‌ని మొదటే పెద్దది తీసుకోమన్నది ఇందుకే.

ఒక జాగ్రత్త. 5600జీలో పీసీఐఈ (ప్రాసెసర్‌కీ కార్డుకీ మధ్య డేటా దారి) పాత 3.0 తరం దగ్గరే ఆగిపోతుంది. ఆర్‌ఎక్స్ 6600 కి ఆ దారిలో 8 లేన్లున్నాయి కాబట్టి నష్టం తక్కువ. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీకి ఉన్నవి 4 లేన్లే, మెమరీ కూడా 4 జీబీయే. ఆ మెమరీ నిండిన క్షణం ఆట ముక్కలు ముక్కలుగా ఆగుతుంది. చవగ్గా వస్తోందని ఈ జత కట్టకండి.

ఇంట్లో ఎప్పటికీ భారీ ఆటలే అనుకుంటే, కార్డు కూడా ఇప్పుడే కొనే స్తోమత ఉంటే, రైజెన్ 5 5600 లేదా ఐ5 12400ఎఫ్ మేలు. ఈ రెండింటిలోనూ గ్రాఫిక్స్ ఉండదు. కార్డు పెట్టేదాకా స్క్రీన్ మీద ఏమీ రాదు.

అపోహ: డీడీఆర్4 పాతది కాబట్టి చవగ్గా దొరుకుతుంది.

తయారీదారులు డీడీఆర్4 ఉత్పత్తిని తగ్గించేశారు, అందుకే దాని ధర కూడా పెరిగింది. చూడాల్సింది ర్యామ్ ధర ఒక్కటే కాదు. ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ మూడూ కలిపి ఎంతవుతుందో చూసి తేల్చుకోండి. ఏఎం4 (ఏఎండీ ప్రాసెసర్ల పాత సాకెట్) బోర్డులో డీడీఆర్4 మాత్రమే పడుతుంది, ఏఎం5 (కొత్త సాకెట్) లో డీడీఆర్5 మాత్రమే. ఇంటెల్ హెచ్610, బీ660, బీ760 బోర్డులు రెండు రకాలుగానూ వస్తాయి కాబట్టి పెట్టె మీద ఏది రాసుందో చదివి తీసుకోండి. రెండు రకాల స్టిక్కులకీ గాడి వేర్వేరు చోట ఉంటుంది, బలవంతంగా నొక్కితే స్లాటు విరుగుతుంది.

ఇంట్లో మూలన పడ్డ పాత డెస్క్‌టాప్‌లో డీడీఆర్4 స్టిక్కులుంటే ఈరోజుల్లో అవి బంగారం. మూత విప్పి చూడండి. ల్యాప్‌టాప్ స్టిక్కులు పొట్టిగా ఉంటాయి, డెస్క్‌టాప్ స్లాటులో పట్టవు.

సెకండ్ హ్యాండ్ మార్కెట్లో "32 జీబీ, సగం ధరకే" అని కనిపించేవి చాలాసార్లు సర్వర్ స్టిక్కులు, అంటే రిజిస్టర్డ్ ఈసీసీ రకం. డీడీఆర్4 లో అవి మామూలు బోర్డు స్లాటులోకి దిగుతాయి కానీ మెషిన్ ఆన్ కాదు. స్టిక్కర్ మీద 2400టీ లాంటి వేగం గుర్తు తర్వాత ఆర్ అనే అక్షరం ఉంటే అది సర్వర్‌ది, యూ ఉంటే మామూలుది. ఈ ర్యామ్‌తో నడిచే చైనా ఎక్స్99 బోర్డు, పాత జియాన్ (సర్వర్ ప్రాసెసర్) కిట్లు కూడా దొరుకుతున్నాయి. కోర్లు చాలానే ఉంటాయి కానీ ఒక్కో కోరు వేగం తక్కువ. ఆటలకి కావాల్సింది ఆ వేగమే. పైగా కరెంటు ఎక్కువ తాగుతాయి. పిల్లలకి ఇవి వద్దు.

అపోహ: ఇప్పటికి 8 జీబీ ఒక్క స్టిక్కు చాలు.

లోపలి గ్రాఫిక్స్ మీద ఆడేటప్పుడు ఇది అన్నిటికన్నా పెద్ద పొరపాటు. ఆ గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ లేదు, ర్యామ్‌నే వాడుకుంటుంది. ఒక్క స్టిక్కంటే ఒక్క దారి, రెండు స్టిక్కులంటే రెండు దారులు. 5600జీలో ఈ తేడాతో ఫ్రేములు బాగా పడిపోతాయి. అదీగాక 8 జీబీలోంచి గ్రాఫిక్స్‌కి 2 జీబీ పోయి, విండోస్, డిస్కార్డ్, బ్రౌజరు తిన్నాక ఆటకి మిగిలేది పిసరంత.

విడి కార్డు ఉన్న మెషిన్‌లో మాత్రం 16 జీబీ ఒక్క స్టిక్కుతో మొదలుపెట్టి, ధర దిగాక రెండోది చేర్చొచ్చు. కొంత వేగం తగ్గినా ఆట ఆడనివ్వనంత కాదు. రెండు స్టిక్కులైతే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి 2, 4 స్లాట్లలో పెట్టండి. తర్వాత బయోస్‌లో (బోర్డు సొంత సెట్టింగ్స్‌లో) ర్యామ్‌ని పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ ఆన్ చేయండి, కొన్ని బోర్డుల్లో దాన్ని డీఓసీపీ అంటారు. అది చేయకపోతే చాలా 3200 స్టిక్కులు 2133 లేదా 2666 దగ్గరే నడుస్తాయి. డబ్బు పెట్టి కొన్న వేగాన్ని వాడకుండా వదిలేసిన ఇళ్లు ఎన్నో.

అపోహ: కార్డు మీద ఎక్కువ జీబీలుంటే మంచి కార్డు.

4 జీబీ ఉన్న జీటీ 730 ఆటలకి పనికిరాదు. దాని చిప్పే బలహీనం, జీబీలు పెంచినంత మాత్రాన బలం రాదు. "ఆర్‌ఎక్స్ 580 2048ఎస్‌పీ" అన్నది పేరుకే 580, లోపల 570 స్థాయి చిప్పు. కరువు రోజుల్లో ఇంకో మోసం పెరుగుతుంది. పాత జీటీఎస్ 450 లాంటి కార్డుకి లోపలి సాఫ్ట్‌వేర్ (బయోస్) మార్చి జీటీఎక్స్ 1050 టీఐ అని అమ్ముతారు. విండోస్ కూడా అదే పేరు చూపిస్తుంది. జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిస్తే ఇలాంటి కార్డు పేరు ముందు నకిలీ అని చూపిస్తుంది. సెకండ్ హ్యాండ్ కార్డుకి డబ్బులిచ్చే ముందు ఆ పరీక్ష చేయనివ్వకపోతే వెనక్కి వచ్చేయండి.

అపోహ: మైనింగ్‌లో వాడిన కార్డు ముట్టుకోకూడదు.

2022 సెప్టెంబరు 15న ఇథీరియం పద్ధతి మారి, కార్డులతో దాన్ని మైనింగ్ చేయడం ఆగిపోయాక, వాడిన కార్డులు మార్కెట్లోకి గుట్టలుగా వచ్చాయి. అవన్నీ చచ్చినవి కావు. ఒకే వేడిలో నిలకడగా నడిచిన చిప్పు బాగానే ఉండొచ్చు. అరిగేవి ఫ్యాన్లు, ఎండిపోయేవి థర్మల్ ప్యాడ్లు. 30 నిమిషాలు బరువైన ఆటో, ఫర్‌మార్క్ అనే పరీక్ష సాఫ్ట్‌వేరో నడిపి చూడండి: స్క్రీన్ మీద రంగు చుక్కలు, గీతలు రాకూడదు, ఫ్యాన్ గరగరమనకూడదు. చిప్పు మామూలు వేడికీ హాట్‌స్పాట్ (చిప్పులో అన్నిటికన్నా వేడెక్కే చోటు) వేడికీ మధ్య 30 డిగ్రీలకి మించి తేడా ఉంటే చిప్పుకీ కూలర్‌కీ మధ్య రాసే పేస్ట్ ఎండిపోయినట్టే, ధర తగ్గించమని అడగండి.

అపోహ: క్యాబినెట్‌తో వచ్చే 500 వాట్ల ఎస్‌ఎంపీఎస్ సరిపోతుంది.

బడ్జెట్ బిగిసినప్పుడు అందరూ మొదట కోత పెట్టేది ఇక్కడే, చివరికి అన్నీ కాలిపోయేదీ ఇక్కడే. ముందు లెక్క చూద్దాం. రైజెన్ 5 5600 గరిష్ఠంగా 76 వాట్లు, ఆర్‌ఎక్స్ 6600 కి 132, బోర్డు, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లు కలిపి 50. మొత్తం దాదాపు 260. అంటే నిజంగా 450 వాట్లిచ్చేది చాలు. సమస్యంతా ఆ "నిజంగా" అన్నదగ్గరే. పక్కనున్న లేబుల్ చదవండి. 12 వోల్టుల లైన్లో 36 ఆంపియర్లుంటే 432 వాట్లు. 500 అని పెద్దక్షరాల్లో రాసి, 12 వోల్టుల దగ్గర 18 ఆంపియర్లే ఉంటే అందులో పనికొచ్చేది 216 వాట్లే. 80 ప్లస్ బ్రాంజ్ గుర్తుతోపాటు కనీసం 3 ఏళ్ల వారంటీ చూసుకోండి.

కొన్ని చవక ఎస్‌ఎంపీఎస్‌ల వెనక 115/230 అని ఎర్ర స్విచ్ ఉంటుంది. మన దగ్గర 230 మీదే ఉండాలి. 115 మీద ఆన్ చేస్తే ఠప్పుమని పేలుతుంది. పిల్లలు కుతూహలంగా కదిపేది కూడా దాన్నే.

ఇక ఎర్తింగ్. క్యాబినెట్ ముట్టుకుంటే చురుక్కుమంటే "మెషిన్‌లో షార్ట్" అని షాపుకి మోసుకెళ్తారు. చాలాసార్లు తప్పు గోడలోని ప్లగ్గుది. ఎర్త్ లేనప్పుడు ఎస్‌ఎంపీఎస్ ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల బాడీ మీదకి సుమారు సగం వోల్టేజీ, అంటే 110 చిల్లర వస్తుంది. కరెంటు కొంచెమే, కానీ ఇది మామూలు సంగతి అనుకుని వదిలేయకూడదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఫేజుకీ ఎర్తుకీ మధ్య 230, న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య 2-3 వోల్టుల లోపు ఉందో లేదో చూపించుకోండి. మూడో పిన్ను విరగ్గొట్టిన ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడొద్దు.

యూపీఎస్ సంగతి రెండు ముక్కల్లో: 600 వీఏ అంటే చాలా మోడళ్లలో 360 వాట్లే. ఆట మధ్యలో కరెంటు పోతే సేవ్ చేసి ఆపేయడానికి అది సరిపోతుంది, ఆడటానికి కాదు.

అపోహ: పాత ఆఫీసు పీసీకి కార్డు పెడితే సగం ధరకే గేమింగ్ పీసీ.

ఇది కొంత నిజం. కరువు రోజుల్లో, 16 జీబీ డీడీఆర్4 తో సహా వచ్చే 8వ తరం ఐ5 టవర్ మంచి బేరమే. 4వ తరం మాత్రం వద్దు. అందులోది డీడీఆర్3, ఇంకెక్కడా పనికిరాదు. విండోస్ 10 మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ 8వ తరం నుంచే. విండోస్ 11 లో వాలరెంట్ నడవాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే రెండు భద్రతా ఏర్పాట్లూ ఆన్‌లో ఉండాలి. అమ్మినవాళ్లు విండోస్‌ని ఎంబీఆర్ అనే పాత డిస్కు పద్ధతిలో వేసి ఇస్తే సెక్యూర్ బూట్ పనిచేయదు. విండోస్‌లోనే ఉన్న ఎంబీఆర్2జీపీటీ కమాండుతో మార్చుకోవచ్చు, ముందు ఫైళ్లు కాపీ తీసుకోండి.

సన్న క్యాబినెట్ రకం కొంటే పొట్టి కార్డులే పడతాయి, విడి పవర్ కనెక్టరు ఉండదు. అలాంటిదానికి 70 వాట్ల ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ లో ప్రొఫైల్ సరిపోతుంది. పెద్ద కంపెనీల ఆఫీసు మెషిన్లలో బోర్డు, ఎస్‌ఎంపీఎస్ చాలావరకు వాళ్ల సొంత ఆకారంలో ఉంటాయి. తర్వాత వేరే క్యాబినెట్‌లోకి మార్చడం కుదరదు.

అపోహ: రెండు నెలలు ఆగితే ధరలు దిగుతాయి.

కొత్త చిప్పుల ఫ్యాక్టరీ కట్టి ఉత్పత్తి మొదలవడానికి ఏళ్లు పడుతుంది. పరీక్షలుంటే ఆగండి, ధర కోసమైతే వద్దు. సికింద్రాబాద్‌లో అందరూ సీటీసీ అనే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒకేరోజు మూడు నాలుగు షాపుల్లో కొటేషన్ రాయించుకోండి. ర్యామ్ ధరని విడిగా రాయమనండి. "మొత్తం ఇంత" అన్న ప్యాకేజీలో కోత పడేది ఎస్‌ఎంపీఎస్‌కే.

అపోహ: బిగించాక డిస్‌ప్లే రాకపోతే ఏదో కాలిపోయినట్టే.

ఎక్కువసార్లు కారణం చిన్నది. హెచ్‌డీఎంఐ కేబుల్‌ని కార్డుకి బదులు బోర్డుకి గుచ్చి ఉంటారు. ప్రాసెసర్ పక్కనున్న 8 పిన్ పవర్ కేబుల్ మర్చిపోయి ఉంటారు. ర్యామ్ క్లిప్పు టక్కుమనేదాకా నొక్కి ఉండరు. డీడీఆర్5 మెషిన్ అయితే మొదటిసారి ర్యామ్‌ని సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు నల్ల స్క్రీన్‌తోనే ఉంటుంది. ఆ సమయంలో కంగారుపడి స్విచ్ ఆపేస్తే మళ్లీ మొదటినుంచి. 10 నిమిషాలు వదిలేయండి.

పాత బీ450 బోర్డు తీసుకుంటే 5000 సిరీస్ ప్రాసెసర్‌కి బయోస్ అప్‌డేట్ కావాలి, షాపులోనే చేయించుకోండి. బోర్డు కింద ఇత్తడి స్టాండాఫ్‌లు (బోర్డుని క్యాబినెట్‌కి తగలకుండా ఎత్తి పట్టే చిన్న మొలలు) బోర్డు రంధ్రాలున్నచోటే ఉండాలి, ఒకటి అదనంగా ఉన్నా షార్ట్ అవుతుంది. కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర ఉంటే తీయండి. ఏఎం4 కూలర్ ఊడదీసేటప్పుడు ముందు 10 నిమిషాలు మెషిన్ నడిపి, మెల్లగా అటూ ఇటూ తిప్పి తీయాలి. నేరుగా లాగితే పేస్ట్‌కి అతుక్కుని ప్రాసెసర్ సాకెట్లోంచి ఊడొచ్చి పిన్నులు వంగుతాయి.

మొదటి రాత్రే ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 సాఫ్ట్‌వేర్ నాలుగు విడతలు నడపండి. ఒక్క తప్పు వచ్చినా ఆ స్టిక్కు మార్పించుకోవాలి. ఈ కరువులో నెల తర్వాత వెళ్తే అదే మోడల్ షాపులో ఉండకపోవచ్చు. తర్వాత ఒక గంట ఆట ఆడించి వేడి చూడండి. 25 డిగ్రీల గదిలో 70 చూపించే ప్రాసెసర్ రామగుండం మే నెల ఎండలో, 40 డిగ్రీల గదిలో, 85 చూపిస్తుంది. ఆ లెక్క ఇప్పుడే వేసుకుంటే ఇంకో ఫ్యాన్ కావాలో వద్దో తెలుస్తుంది. మానిటర్ 144 హెర్ట్జ్‌ది కొన్నా విండోస్ చాలాసార్లు 60 దగ్గరే పెడుతుంది, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో మార్చండి.

జీఎస్‌టీ బిల్లులో ప్రతి భాగం సీరియల్ నంబరు ఉండాలి. ఇంటెల్ బోర్డు, ఏఎం5 బోర్డు సాకెట్ మీద వచ్చే నల్ల ప్లాస్టిక్ మూతని పారేయకండి. వారంటీకి పంపేటప్పుడు అది లేకపోతే పిన్నులు వంగాయని బోర్డు వెనక్కి పంపేస్తారు. క్యాబినెట్ పెట్టెలోనే ఒక కవరులో వేసి, బిల్లుతో కలిపి దాచండి.