కట్ట మీద నడక, బాండీలో నూనె

చిన్నోడికీ, పెద్ద మనుమరాలికీ,

అమ్మమ్మ దీవెనలు. మీరు పండుగ సెలవులు అయిపోయి కరీంనగర్ వెళ్లి పది రోజులైంది. డాబా మీద మీరు ఎగరేసిన పతంగి ఒకటి ఇంకా వేపకొమ్మకు చిక్కుకొనే ఉంది. తాత రోజూ దాన్ని చూసి మిమ్మల్ని తలుచుకుంటున్నారు.

చిన్నోడా, భోగి నాడు పొద్దున సకినం కొరుకుతూ నన్నొక మాట అడిగావు. "అమ్మమ్మా, నువ్వు రోజూ చెరువు కట్ట మీద నడుస్తవు, రాత్రి రొట్టెనే తింటవు. మరి ఎందుకు సన్నగైతలేవు?" మీ అమ్మ నిన్ను గట్టిగా కసిరింది. నాకు మాత్రం కోపం రాలేదు. ముప్పై ఏళ్లు బడిలో జీవశాస్త్రం చెప్పినదాన్ని, మంచి ప్రశ్న ఎదురైతే ఇప్పటికీ సంతోషమే. అప్పుడే జవాబు చెప్పేదాన్ని. కానీ ఆ రాత్రి అక్క అర రొట్టె తిని, పళ్లెం పక్కకు జరిపి, ఆకలి లేదంటూ లేచిపోయింది. "అక్క మూడు నెలల సంది రాత్రి అన్నం తింటలేదు" అని నువ్వే చెప్పావు. నీ ప్రశ్నకూ అక్క పళ్లానికీ సంబంధం ఉంది. అందుకే ఇద్దరికీ కలిపి నిదానంగా రాస్తున్నాను.

రెండేళ్ల కింద నా బరువు 74 కిలోలు. పొద్దున ఐదున్నరకు లేచి భద్రకాళి చెరువు కట్ట మీద నాలుగు కిలోమీటర్లు నడవడం మొదలుపెట్టాను. వాన పడ్డ రోజులు తప్ప మానలేదు. రాత్రి అన్నం బదులు జొన్నరొట్టె, చాయలో చక్కెర బదులు బెల్లం, సాయంత్రం మిర్చీ బజ్జీల బదులు గుప్పెడు పల్లీలు. ఐదు నెలల్లో మూడు కిలోలు తగ్గాను. ఇక అంతే. 71 దగ్గర ఆగిన ముల్లు ఇప్పటికీ అక్కడే ఉంది. కట్ట మీద నాతో నడిచే ఆడవాళ్లలో సగం మంది చెప్పే మాట ఇదే. కొందరు "మా ఒళ్లే అంత" అని నడక మానేశారు. వాళ్లు మానేసినందుకు నాకు చాలా బాధగా ఉంది.

లెక్క చూద్దాం. ఒంట్లో ఒక కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 క్యాలరీలు ఖర్చు కావాలి. నా బరువున్న మనిషి నాలుగు కిలోమీటర్లు నడిస్తే 200 దాకా ఖర్చవుతాయి. అందులో ఓ 50, ఆ గంటసేపు ఊరికే కూర్చున్నా గుండె, మెదడు, కాలేయం ఎట్లాగూ వాడుకునేవే. అంటే నడక వల్ల అదనంగా ఖర్చయింది 150. ఒక్క మెతుకు ఎక్కువ తినకుండా ఉంటే ఒక కిలో తగ్గడానికి యాభై రోజులు పడుతుంది. మీరు వెళ్లిన రోజు వంటింటి త్రాసులో మూడు సకినాలు పెట్టి చూశాను. 50 గ్రాములు తూగాయి. నూనెలో వేగిన బియ్యప్పిండి, నువ్వులు కదా, సుమారు 250 క్యాలరీలు. సకినాలు తినొద్దని చెప్పడం లేదు. నడక ఎంత చిన్న అంకెనో, నూనెలో వేగింది ఎంత పెద్ద అంకెనో పక్కపక్కన పెట్టి చూపిస్తున్నాను.

మరి నేను తిండి కూడా మార్చాను కదా అంటావేమో. అక్కడే నేను పొరబడ్డాను. జొన్నపిండికీ బియ్యానికీ క్యాలరీలు ఇంచుమించు సమానం. 100 గ్రాములకు 350 ప్రాంతంలో ఉంటాయి. జొన్నలో పీచు ఎక్కువ, కడుపు నిండినట్టుంటుంది, రక్తంలో చక్కెర మెల్లగా పెరుగుతుంది. అది మంచిదే. కానీ మూడు రొట్టెలు తింటే మూడు రొట్టెల లెక్క ఉండనే ఉంటుంది. బెల్లానికీ చక్కెరకూ తేడా ఇంకా తక్కువ. పల్లీలు మంచి తిండి, కానీ వాటిలో సగం దాకా కొవ్వే. గ్రాము కొవ్వుకు తొమ్మిది క్యాలరీలు, గ్రాము పిండికీ మాంసకృత్తుకూ నాలుగే. మంచి తిండికీ తక్కువ తిండికీ ఉన్న తేడా నేను పట్టించుకోలేదు.

కిందటేడు కాగితం, పెన్సిల్ వంటింట్లో పెట్టుకొని పదిహేను రోజులు అన్నీ రాశాను. అసలు సంగతి నూనె దగ్గర తేలింది. మా ఇద్దరికీ నెలకు మూడు లీటర్ల పల్లినూనె అయిపోతోంది. అంటే మనిషికి రోజుకు 46 గ్రాములు. హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, 30 గ్రాముల లోపు చాలని వాళ్లు చెబుతారు. ఎక్కువైన 16 గ్రాములను తొమ్మిదితో గుణించండి. 144. నేను గంటసేపు కట్ట మీద చెమటోడ్చి ఖర్చు చేసింది 150. నా నడక మొత్తం మా బాండీలోనే పూడిపోయింది. ఆ కాగితం చూసుకొని చాలాసేపు అట్లాగే కూర్చున్నాను. కూర తాలింపులో నూనె పోసేది నా చేయే, అయినా ఎన్నడూ కొలవలేదు.

ఇది నా ఒక్కదాని పొరపాటు కాదు. 1992లో న్యూయార్క్‌లో డాక్టర్లు పది మందిని పరీక్షించారు. రోజుకు 1,200 క్యాలరీల లోపే తింటున్నాం, అయినా బరువు తగ్గడం లేదని చెప్పినవాళ్లు వాళ్లంతా. లోపల ఏదో జబ్బుందని గట్టిగా నమ్మారు. వాళ్లకు ఒక ప్రత్యేకమైన నీళ్లు తాగించారు. ఈ నీళ్ల సంగతి మీకు చెప్పి తీరాలి, ఎందుకంటే సైన్సులో నాకు బాగా నచ్చిన తెలివైన పనుల్లో ఇదొకటి. ఆ నీళ్లలో మామూలు వాటికంటే కొంచెం బరువైన హైడ్రోజన్, బరువైన ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి. హైడ్రోజన్ ఒంట్లోంచి నీళ్లుగానే బయటకు పోతుంది. ఆక్సిజన్ మాత్రం నీళ్లుగానూ పోతుంది, మనం వదిలే బొగ్గుపులుసు గాలిలోనూ పోతుంది. ఈ రెండిటి తేడా కొలిస్తే మనిషి ఎంత గాలి వదిలాడో, అంటే లోపల ఎంత తిండి మండిందో తెలుస్తుంది. మనిషిని గదిలో పెట్టి తలుపు వేయాల్సిన పని లేదు, మూత్రం నమూనా చాలు. ఆ లెక్కలో వాళ్ల శరీరాలు మామూలుగానే ఖర్చు పెడుతున్నాయని తేలింది. తిన్నదాంట్లో దాదాపు సగం వాళ్లు రాయలేదు. చేసిన వ్యాయామం సగం ఎక్కువగా రాశారు.

దీన్ని పట్టుకొని వాళ్లు అబద్ధాలకోరులని అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. రుచి చూడ్డానికి నాలుక మీద వేసుకున్న ముద్ద, మనుమడు వదిలేసిన సగం గారె, మూడోసారి చాయ, ఇవి ఎవరికీ తిన్నట్టు గుర్తుండవు. ఇంట్లో అందరికీ వండి పెట్టే ఆడవాళ్లకు అసలే గుర్తుండవు.

లెక్క ఒక్కటే కారణమైతే ఉత్తరం ఇక్కడే ఆపేసేదాన్ని. కానీ శరీరం కూడా ఊరికే ఉండదు. అవే నీళ్లు తీసుకొని కొందరు శాస్త్రవేత్తలు ఆఫ్రికాలోని టాంజానియాకు వెళ్లారు. అక్కడ హడ్జా అనే వేటగాళ్ల తెగ ఉంది. మగవాళ్లు వేట కోసం, ఆడవాళ్లు దుంపల కోసం రోజూ కిలోమీటర్ల కొద్దీ నడుస్తారు. 2012లో వచ్చిన ఆ లెక్క చూసి చాలామంది నమ్మలేకపోయారు. ఒంటి పరిమాణాన్ని బట్టి సరిచూస్తే, వాళ్లు రోజు మొత్తంలో ఖర్చు చేసే శక్తి అమెరికాలో కుర్చీల్లో కూర్చొని పనిచేసేవాళ్లతో సమానంగానే వచ్చింది. నడక ఎక్కువైతే శరీరం మరెక్కడో పొదుపు చేస్తుందని ఆ శాస్త్రవేత్తలు అనుకున్నారు. నా సంగతే చూడండి. కట్ట మీంచి వచ్చాక మధ్యాహ్నం నాకు తెలియకుండానే కునుకు పట్టేది, మేడమెట్లు రెండుసార్లు ఎక్కే బదులు ఒక్కసారితో సరిపెట్టేదాన్ని.

కొవ్వుకు కూడా నోరుంది. 1994లో కనిపెట్టిన లెప్టిన్ అనే హార్మోను కొవ్వు కణాల్లోనే తయారవుతుంది. నా దగ్గర నిల్వ ఇంత ఉందని మెదడుకు కబురు పంపుతుంది. కొవ్వు తగ్గితే ఆ కబురూ తగ్గుతుంది. ఇంట్లో వడ్లు అయిపోతున్నాయని తెలిసిన ఇల్లాలు ఎట్లా చేస్తుందో మెదడు కూడా అట్లాగే చేస్తుంది. ఖర్చు తగ్గిస్తుంది, ఆకలి పెంచుతుంది. కరువులు దాటి వచ్చిన మనుషుల ఒళ్లు మనది. అందుకే మొదట్లో మూడు కిలోలు తేలికగా పోయి, తర్వాత ముల్లు మొండికేస్తుంది. ఆ మొదటి మూడింటిలో కొంత ఉత్త నీళ్లు కూడా. కండల్లో, కాలేయంలో దాచుకున్న పిండిపదార్థం ఒక్కో గ్రాము మూడు గ్రాముల దాకా నీళ్లు పట్టుకొని ఉంటుంది, అది ఖర్చయితే నీళ్లూ పోతాయి. ఉప్పు ఎక్కువైన రోజు మర్నాడు కిలో పెరిగినట్టు కనిపించేది కూడా నీళ్లే.

కొందరికి నిజంగానే జబ్బు కారణం అవుతుంది. నాకు కాళ్లు ఉబ్బి, ఎప్పుడూ చలిగా ఉండి, జుట్టు రాలుతుంటే ఒక డాక్టర్ దగ్గరికి వెళ్లాను. నా ముఖం కూడా సరిగా చూడకుండా "నోరు కట్టుకోవాలమ్మా" అని పంపించేశారు. ఏడ్చుకుంటూ ఇంటికి వచ్చాను. ఆరు నెలల తర్వాత ఇంకొకరు రక్తపరీక్ష రాస్తే థైరాయిడ్ తక్కువగా ఉందని తేలింది. మాత్ర మొదలుపెట్టాక చలి పోయింది, ఓపిక వచ్చింది. బరువు మాత్రం కిలో కంటే ఎక్కువ తగ్గలేదు. థైరాయిడ్ వల్ల పెరిగే బరువులో ఎక్కువ భాగం ఉప్పూ నీళ్లే కాబట్టి మాత్రతో పెద్దగా తగ్గదని ఆ డాక్టరమ్మ ముందే చెప్పారు. ఆమె నా మాట మొత్తం విన్నారు. అందుకు ఆమెకు ఎప్పటికీ రుణపడి ఉంటాను.

ఇక తాత సంగతి. మీ తాత ఎంత సన్నగా ఉంటారో మీకు తెలుసు. షుగర్ వచ్చింది ఆయనకే. ఇది మన దేశంలో వింతేమీ కాదు. పుణెలో యాజ్ఞిక్ అనే డాక్టర్, లండన్‌లో యుడ్కిన్ అనే డాక్టర్ పక్కపక్కన నిలబడి తీయించుకున్న ఫొటో 2004లో ఒక పెద్ద వైద్యపత్రికలో వచ్చింది. ఎత్తుకు తగ్గ బరువు లెక్కలో ఇద్దరిదీ ఒకే అంకె, 22.3. కానీ ఒంట్లో కొవ్వు కొలిస్తే యుడ్కిన్‌కు 9.1 శాతం, మనాయనకు 21.2 శాతం. అందుకే మనవాళ్లకు బరువు కంటే నడుము ముఖ్యం. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే జాగ్రత్తపడాలంటారు.

ఆ లెక్కన చూస్తే నా రెండేళ్ల నడక వృథా పోలేదు. నడుము 96 నుంచి 89కి వచ్చింది. ఇంకా తగ్గాలి. షుగర్ వచ్చేలా ఉందని చెప్పిన, మూడు నెలల సగటు చక్కెర చూపే రక్తపరీక్ష 6.2 నుంచి 5.8కి దిగింది. బతుకమ్మ నాడు మీ అమ్మతో కలిసి వేయిస్తంభాల గుడి దగ్గర మోకాళ్లు నొప్పి లేకుండా గంటసేపు ఆడాను. బరువు చూసే మిషన్ ఇవేవీ చూపించదు. నూనె నెలకు రెండు లీటర్లకు తెచ్చాను. వారానికి మూడు రోజులు ఇసుక నింపిన సీసాలతో చేతుల వ్యాయామం కూడా చేస్తున్నాను, వయసుతో తగ్గే కండ నిలబడాలని.

పెద్దదానా, ఇప్పుడు నీతో. నువ్వు పదో తరగతి. పన్నెండు, పదమూడేళ్ల నుంచి ఆడపిల్ల ఒంట్లో తొడల దగ్గర, తుంటి దగ్గర కొవ్వు చేరుతుంది. అది జబ్బు కాదు, ఒళ్లు పెద్దదవుతోందని గుర్తు. ఎవరు ఏమన్నారో నాకు తెలియదు, నీ ఫోన్‌లో ఏం చూశావో తెలియదు. కానీ పస్తుంటే ఒంట్లో ఏమవుతుందో మాత్రం తెలుసు. 1945లో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు వాళ్లంతట వాళ్లే ముందుకొచ్చి ఆరు నెలలు సగం తిండితో ఉన్నారు. యుద్ధంలో ఆకలితో ఉన్నవాళ్లకు మళ్లీ తిండి ఎట్లా పెట్టాలో నేర్చుకోవడానికి చేసిన ప్రయోగం అది. బరువు నాలుగో వంతు తగ్గింది. దాంతో పాటు నాడి మందగించింది, ఎండలో కూడా చలి వేసింది. స్నేహితులతో మాట్లాడ్డం తగ్గించారు. పగలూ రాత్రీ తిండి గురించే ఆలోచించారు, వంటల పుస్తకాలు చదువుతూ కూర్చున్నారు. ప్రయోగం అయ్యాక చాలామంది మొదటికంటే ఎక్కువ కొవ్వుతో తేలారు. వాళ్లు ఎదిగిన మగవాళ్లు. నీకింకా ఎముకలు గట్టిపడుతున్నాయి, నెలసరి ఇప్పుడిప్పుడే కుదురుకుంటోంది. తిండి బాగా తగ్గితే శరీరం ముందుగా ఆపేవాటిలో నెలసరి ఒకటి. నీకు ఆగిందా? ఆగితే నాకు ఫోన్ చెయ్. అమ్మకు చెప్పడానికి సిగ్గయితే నేను చెబుతాను, నేనే వచ్చి నీతో డాక్టర్ దగ్గరికి వస్తాను.

రాత్రి అన్నం మానొద్దు బిడ్డా. పప్పు, కూర, పెరుగు, గుడ్డు అన్నీ తిను. సాయంత్రం తమ్ముడితో సైకిల్ తొక్కు, లేదా తాడు ఆట ఆడు. మీ ఇంట్లో ఉన్న బరువు మిషన్ మీ అమ్మతో చెప్పి అటక మీద పెట్టిస్తున్నాను.

ఎల్లుండి మీ నాన్న పని మీద హనుమకొండ వస్తున్నారు. డబ్బాలో ఇంకా పన్నెండు సకినాలు ఉన్నాయి, ఆయనతో పంపిస్తాను. చిన్నోడా, ఆరు నీవి, ఆరు అక్కవి. అక్క వాటా నువ్వు తినొద్దు. అక్క తిన్నాక నాకు ఫోన్ చెయ్.

మీ అమ్మమ్మ
హనుమకొండ