రోటోరువా వేడినీళ్లు ఎవరివి?

న్యూజీలాండ్ ఉత్తర దీవిలో, అదే పేరున్న సరస్సుకు దక్షిణపు ఒడ్డున ఉన్న రోటోరువా నగరంలో యాత్రికుణ్ణి ముందుగా పలకరించేది గంధకపు వాసన. వీధి పక్క కాలువల మూతల సందుల్లోంచి, పార్కుల్లోని బురద మడుగుల్లోంచి, ఇళ్ల పెరళ్లలోంచి కూడా ఆవిరి లేస్తూనే ఉంటుంది. ఆక్లాండ్ నుంచి కారులో మూడు గంటల ప్రయాణం కావడంతో, ఇండియా నుంచి వచ్చిన తల్లిదండ్రులను అక్కడి తెలుగు కుటుంబాలు వెంటబెట్టుకుని వెళ్లే ఊళ్లలో ఇదీ ఒకటి. అందరూ చూసేవి ఇంచుమించు ఒక్కటే: ముప్పై మీటర్ల ఎత్తుకు ఎగజిమ్మే వేడినీటి బుగ్గ పోహుతు గీజర్, ఆ దేశపు ఆదివాసులైన మావోరీల స్వాగత విధి, చెక్కడపు పనులు, ఆవిరి మీద వండిన భోజనం. వీటికి కొన్న టిక్కెట్టు డబ్బు చివరికి ఎవరికి చేరుతుందన్నది మాత్రం నూట నలభై ఏళ్లుగా నలుగుతున్న వివాదం. పోహుతు ఉన్న తె పుయా ప్రాంగణాన్నీ, అక్కడి జాతీయ మావోరీ కళల సంస్థనూ ప్రభుత్వం 2020లో ప్రత్యేక చట్టం ద్వారా స్థానిక తెగలకు అప్పగించినప్పుడు, ఆ వివాదంలో ఒక భాగం మాత్రమే ముగిసింది.

రోటోరువా సరస్సు సుమారు రెండు లక్షల ఏళ్ల కిందట ఒక మహా అగ్నిపర్వత విస్ఫోటనం తరువాత నేల కుంగిపోయి ఏర్పడిన గుంటలో నిలిచిన నీరు. అడుగున ఇంకా చల్లారని వేడి, వాన నీటిని కాచి పైకి పంపుతూ ఉంటుంది. ఈ ప్రాంతం తె అరావా మావోరీలది. వారి పూర్వీకులు ‘హవాయికి’ అనే పురాణ స్వదేశం నుంచి తె అరావా అనే పడవ మీద వచ్చారనీ, ఆ పడవలో వచ్చిన పూజారి న్గాతోరోఇరంగి తోంగరీరో శిఖరం మీద మంచులో గడ్డకట్టుకుపోతూ అగ్నిని పంపమని అక్కచెల్లెళ్లను వేడుకున్నాడనీ, వారు పంపిన అగ్ని వచ్చిన దారి పొడవునా ఈ వేడి ఊటలు వెలిశాయనీ వారి సంప్రదాయం చెబుతుంది. వంటకు, స్నానానికి, నొప్పుల ఉపశమనానికి, చలికాలంలో ఇంటి వెచ్చదనానికి తరతరాలుగా ఈ ఊటల మీదే ఆధారపడిన జనానికి అవి వింతలు కావు, ఆస్తి. ఏ మడుగు ఏ కుటుంబానిది, ఏది వంటకు, ఏది స్నానానికి, ఏది పవిత్రం అన్నవి అప్పటికే కట్టుదిట్టంగా ఉన్న నియమాలు.

ఐరోపా యాత్రికులు మొదట వచ్చింది రోటోరువా కోసం కాదు, కొంత దూరంలోని రోటోమహానా సరస్సు ఒడ్డున మెట్లు మెట్లుగా పేరుకున్న తెల్లని, గులాబి రంగు శిలా సోపానాల కోసం. 1870లో విక్టోరియా రాణి కుమారుడు ఆల్ఫ్రెడ్ వచ్చి వెళ్లాక వాటి పేరు మరింత మారుమోగింది. యాత్రికులు బస చేసే తె వైరోవా గ్రామం తూహోరాంగి ఉపతెగది. పడవకు ఇంత, దారి చూపినందుకు ఇంత, నృత్యానికి ఇంత అని రుసుము నిర్ణయించేది వారే. ఆ రాబడి ఎంతటిదంటే, తమ సభాగృహం హినేమిహి చెక్కడాలలో శిల్పాల కళ్లకు ఆనవాయితీగా పొదిగే పావా అనే సముద్రపు చిప్పలకు బదులు బంగారు నాణేలు పెట్టుకున్నారు. మావోరీ పర్యాటకం పరాయివాళ్లు నేర్పిన వ్యాపారమని ఇప్పటికీ రాసేవారు ఈ గ్రామం లెక్క చూసుకోవాలి.

1886 జూన్ 10 తెల్లవారుజామున తారావెరా పర్వతం బద్దలైంది. సుమారు 120 మంది చనిపోయారు, తె వైరోవా బూడిదలో పూడిపోయింది, సోపానాలు కంటికి కనబడకుండా పోయాయి. మార్గదర్శకురాలు సోఫియా హినేరంగి ఇంట్లో, హినేమిహిలో తలదాచుకున్నవారు బతికి బయటపడ్డారు. నిలువ నీడ లేని తూహోరాంగి జనానికి బంధువులైన న్గాతి వాహియావో ప్రజలు రోటోరువా దక్షిణపు అంచున, పోహుతు ఉన్న ఫకారెవారెవా లోయలో చోటిచ్చారు. నేటికీ యాత్రికులు నడిచే ఆ గ్రామంలో మరుగుతున్న మడుగులో మొక్కజొన్న పొత్తులు సంచీలో కట్టి ముంచి తీస్తారు, నేల లోపల వేడి కాబట్టి సమాధులను నేల మీదనే కడతారు. ఆ జీవనం ప్రదర్శన కోసం పుట్టింది కాదు, తలుపు తెరిచి చూపించినది మాత్రమే.

ఈలోగా రోటోరువా సరస్సు ఒడ్డున మరో కథ నడిచింది. అక్కడి ఓహినేముతు గ్రామంలో ఉండే, తె అరావాలో భాగమైన న్గాతి ఫకావే తెగ పెద్దలు యాత్రికుల పట్టణం కావాలనే అనుకున్నారు, కాని భూమిని అమ్ముకోవాలని అనుకోలేదు. స్థానిక భూముల న్యాయస్థానం ప్రధాన న్యాయమూర్తి ఫ్రాన్సిస్ డార్ట్ ఫెంటన్‌తో 1880 నవంబర్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం భూమి తెగదే, పట్టణపు స్థలాలు 99 ఏళ్ల లీజుకు, అద్దె తెగకు. మరుసటి ఏడాది వచ్చిన ఉష్ణ జల ప్రాంతాల చట్టం ఆ లీజుల నిర్వహణను ప్రభుత్వం చేతిలో పెట్టింది, బయటివారు నేరుగా తెగతో లావాదేవీ జరపకుండా అడ్డుకుంది. 1882 వేలంలో స్థలాలు మంచి ధర పలికాయి కాని, వచ్చిన ఆర్థిక మాంద్యంలో లీజుదారులు అద్దె కట్టడం మానేశారు. బాకీ రాబట్టవలసింది తెగ పక్షాన నిర్వహణ చూస్తున్న ప్రభుత్వం. రాబట్టకపోగా, ఆదాయం ఆగి ఇబ్బందుల్లో పడ్డ యజమానుల నుంచి ఆ దశాబ్దం చివరికల్లా భూమిని తానే కొనేసింది. ఇది కుట్రా, అసమర్థతా అన్నది చరిత్రకారులు తేల్చుకోవచ్చు. భూమి పోయినవారికి రెంటికీ తేడా లేదు. ఊరి ప్రధాన వీధికి ఇప్పటికీ ఫెంటన్ పేరే ఉంది.

1894లో రైలు వచ్చింది. 1901లో న్యూజీలాండ్ ప్రభుత్వం పర్యాటక, ఆరోగ్య విశ్రామ స్థలాల శాఖను నెలకొల్పింది. ప్రభుత్వమే ఒక శాఖ పెట్టి పర్యాటకాన్ని నడపడం ప్రపంచంలో అదే మొదలంటారు. యూరప్ స్నానశాలల తరహాలో సరస్సు ఒడ్డున 1908లో భారీ స్నానశాలను తెరిచారు. దాని గొట్టాలను, గోడలను గంధకపు ఆవిరి మొదటి నుంచే తినేస్తూ వచ్చింది. స్నానశాల ప్రభుత్వానిది, పేరుప్రఖ్యాతులు మాత్రం ఫకారెవారెవా మహిళా మార్గదర్శకులవి: 1901లో బ్రిటిష్ యువరాజు దంపతులకు ఊటలు చూపించిన మాగీ పపాకురా తరువాత ఇంగ్లండ్ వెళ్లి, ఆక్స్‌ఫర్డ్‌లో తన జనం గురించే మానవశాస్త్రం చదువుతూ 1930లో మరణించింది.

సరస్సుల సంగతి ఇంకా కటువైనది. వేట వినోదం కోసం ప్రభుత్వం ట్రౌట్ చేపలను వదిలింది. అవి మావోరీలు తినే చిన్న చేపలను తినేశాయి, ట్రౌట్‌ను పట్టాలంటే సరస్సు హక్కుదారులే లైసెన్సు తీసుకోవలసి వచ్చింది. సరస్సుల యాజమాన్యంపై ఏళ్ల తరబడి సాగిన వ్యాజ్యం 1922లో రాజీతో ముగిసింది. సరస్సులు ప్రభుత్వానికి, ఏడాదికి 6,000 పౌండ్లు తె అరావా ట్రస్టు బోర్డుకు. ద్రవ్యోల్బణంతో ముడిపెట్టని ఆ మొత్తం యాభై ఏళ్లు తిరిగేసరికి నామమాత్రమైంది.

భూమి కింది వేడి వంతు 1953లో వచ్చింది. భూతాప శక్తిని తోడుకునే హక్కు ప్రభుత్వానిదేనని ఆ ఏడాది చట్టం చేశారు. దక్షిణాన వైరాకేయిలో 1958లో విద్యుత్ కేంద్రం మొదలయ్యాక అక్కడి గీజర్ల లోయ ఎండిపోయింది. రోటోరువాలో నష్టం మెల్లగా జరిగింది. విద్యుత్ కొరత రోజుల్లో ఇళ్లవాళ్లు, హోటళ్లవాళ్లు పెరట్లో బోరు వేయించుకుని గదులను, ఈత కొలనులను వేడి చేసుకోవడం మొదలుపెట్టారు. ఇలాంటి బోర్లు వందల్లోకి చేరాయి. వాడేసిన నీటిని తోడిన లోతుకు తిరిగి పంపకుండా పైపొరల్లోని ఇంకుడు గుంతల్లోకి వదిలేవారు. లోపలి జలాశయంలో ఒత్తిడి పడిపోయింది, ఊటలు ఒక్కొక్కటిగా చల్లబడ్డాయి, 1979లో ఫకారెవారెవాలోని పపాకురా గీజర్ ఆగిపోయింది. వెచ్చదనం బోరు యజమానికి, నష్టం ఆవిరి మీద వండుకునే గ్రామానికి. చివరికి 1986లో ప్రభుత్వం కదిలి, పోహుతుకు ఒకటిన్నర కిలోమీటరు పరిధిలోని బోర్లన్నీ మూసేయమంది, మిగిలినవాటికి రుసుము విధించింది. ఊళ్లో గట్టి నిరసనలే వచ్చాయి, ఎందుకంటే ఉచితమని అలవాటైన వేడి ఒక్కసారిగా పోయింది. అయితే బోర్లు మూసిన కొద్ది కాలానికే నీటిమట్టం లేచింది, 2015లో పపాకురా మళ్లీ నీళ్లు చిమ్మింది. 1999 నాటి ప్రాంతీయ ప్రణాళిక, తోడిన నీటిని తిరిగి భూమిలోకి పంపాలన్న నియమం తెచ్చింది.

హక్కుల వాదన దీనికి సమాంతరంగా నడిచింది. తె అరావా తెగలు వేసిన భూతాప వనరుల దావాపై, ప్రభుత్వంపై మావోరీల ఫిర్యాదులను విచారించే వైతాంగి ట్రిబ్యునల్ 1993లో ప్రాథమిక నివేదిక ఇచ్చింది. 2006 చట్టంతో 13 సరస్సుల అడుగు నేల తిరిగి తె అరావాకు దక్కింది. ఫకారెవారెవా లోయ భూమి 2009 చట్టంతో న్గాతి ఫకావే, తూహోరాంగి, న్గాతి వాహియావోల ఉమ్మడి ట్రస్టుకు చేరింది. చేరాక పంచుకోవడమెలా అన్నదీ చిన్న చిక్కు కాదు, ఒకే లోయపై మూడు వర్గాల హక్కులు అల్లుకుని ఉన్నాయి. ఈనాటికీ ఫకారెవారెవా గ్రామం, తె పుయా కంచెకు అటూ ఇటూ, విడి విడి టిక్కెట్లతో నడుస్తున్నాయి. రెండు చోట్లా నడిచే ఓపిక లేనివారు గ్రామాన్ని ఎంచుకోవడం మేలని నా అభిప్రాయం, అక్కడ మనిషి ఉంటాడు కనుక.

ఇక సరస్సు: 2006 చట్టంతో తె అరావాకు దక్కింది అడుగు నేల మాత్రమే. ఆ నేలపై నిలిచిన నీరు, నీటి మీది గాలి ఉన్న జాగాను ప్రభుత్వం తన వద్దే ఉంచుకుంది. ఒడ్డున పడవ ఎక్కి సరస్సు మధ్యనున్న మోకోయా ద్వీపానికి వెళ్లే యాత్రికుడు దాటుతున్నది చట్టరీత్యా తె అరావా నేల, ప్రభుత్వపు జాగా, రెంటినీ ఒకేసారి.