పావు శాతం అప్పు, పదిహేను శాతం పన్ను

విశాఖలో ఆస్తి పన్ను గొడవ మళ్ళీ మొదలైంది. నగర పాలక సంస్థ (జీవీఎంసీ) గాంధీ విగ్రహం దగ్గర ప్లకార్డులు, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో డిమాండ్ నోటీసుల ఫొటోలు, "మాకింత వచ్చింది, మీకెంత?" అనే వాకబులు. ఏటా చూస్తున్నదే. ఈమధ్య మాత్రం జనం అడిగే ప్రశ్న మారింది. ఎంత పెరిగింది అని కాదు, అసలు పెంచమన్నది ఎవరు అని అడుగుతున్నారు. జీవీఎంసీ ఆఫీసు తెన్నేటి భవన్‌లో కమిషనర్‌ని నిలదీయాలా, వెలగపూడి సచివాలయంలో మున్సిపల్ మంత్రినా, లేక పార్లమెంటులో కేంద్ర ఆర్థిక మంత్రినా?

పార్లమెంటులో అడిగితే వచ్చే జవాబు ముందే తెలుసు. రాజ్యాంగం ఏడో షెడ్యూలు, రాష్ట్ర జాబితా, 49వ అంశం: భూములు, భవనాల మీద పన్నులు. అది రాష్ట్రాల సొంత వ్యవహారం. పైగా కేంద్రం బాధ్యత కాని విషయాల మీద సభలో ప్రశ్న వేయడానికి నిబంధనలే ఒప్పుకోవు. ఈ పెంపు వెనక రాష్ట్రం చేసిన ఒక అప్పూ ఉంది. పన్ను అని రాస్తే ప్రశ్న పట్టణ వ్యవహారాల శాఖకు పోతుంది, అప్పు అని రాస్తే ఆర్థిక శాఖకు పోతుంది. రెండింటినీ కలిపి ఒకే ప్రశ్నగా అడిగితే తప్ప విశాఖ వాళ్ళ నోటీసు వెనక కథ బయటకు రాదు. ఆ రెండూ కలిసిన రోజు ఒకటుంది. జీవీఎంసీ ఎప్పుడు పుట్టింది, ఏయే ఊళ్ళు కలిశాయి, ఇంటికి రాగల అద్దెను బట్టి పన్ను వేసే పాత లెక్క ఎలా ఉండేది అన్నవి ఇక్కడి వాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. నేరుగా ఆ రోజు దగ్గరికే వెళ్దాం.

2020 మే 17, ఆదివారం. లాక్‌డౌన్. విశాఖ శివారు వెంకటాపురంలో గ్యాస్ లీకై అప్పటికి పది రోజులే. నగరం ధ్యాసంతా అటే ఉంది. ఢిల్లీలో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ కరోనా సాయంగా ప్రకటించిన ఆత్మనిర్భర్ ప్యాకేజీ మీద అయిదో విడత ప్రెస్‌మీట్ పెట్టారు. ఆ రోజు హెడ్‌లైన్లలో ఉపాధి హామీ, ప్రభుత్వ రంగ సంస్థల కొత్త విధానం నిలిచాయి. చివర్లో రాష్ట్రాల అప్పుల గురించి చెప్పిన నాలుగు ముక్కలు ఎవరికీ పెద్దగా పట్టలేదు. నా ఉద్దేశంలో ఇవాళ్టి నోటీసు రాసింది ఆ నాలుగు ముక్కలే.

రాష్ట్రాలు తమ స్థూల ఉత్పత్తిలో 3 శాతం దాకా అప్పు తెచ్చుకోవచ్చన్న పరిమితిని ఆ ఒక్క ఏడాదికి 5 శాతం చేశారు. వినడానికి ఉదారంగానే ఉంటుంది. పెంచిన 2 శాతంలో షరతు లేకుండా ఇచ్చింది మాత్రం అర శాతమే. ఒక శాతాన్ని నాలుగు పావులు చేసి, ఒక్కో పావుకి ఒక్కో సంస్కరణ ముడిపెట్టారు: ఒకే దేశం ఒకే రేషన్ కార్డు, సులభతర వ్యాపారం, విద్యుత్ పంపిణీ, పట్టణ స్థానిక సంస్థల ఆదాయం. నాలుగింట్లో మూడు పూర్తి చేస్తే మిగిలిన అర శాతం. (విద్యుత్ పావు పుణ్యమే మన పొరుగున శ్రీకాకుళంలో రైతుల మోటార్లకు ప్రయోగాత్మకంగా బిగించిన మీటర్లు. అది ఇంకో కథ.)

నాలుగో పావు షరతు ఏమిటంటే, ఆస్తి పన్నుకు కనీస రేట్లు నోటిఫై చేయాలి, అవి రిజిస్ట్రేషన్ విలువలకు అనుగుణంగా ఉండాలి. నీటి సరఫరా, డ్రైనేజీ, మురుగునీటి చార్జీలు కూడా ఖర్చుకు తగ్గట్టు పెట్టాలి. అంటే ఇంటి పన్నును అద్దె నుంచి విడదీసి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పుస్తకానికి కట్టమని చెప్పడమే. ఆ ఆలోచన వెలగపూడిలోనో విశాఖలోనో పుట్టింది కాదు.

"బలవంతం చేయలేదు, ప్రోత్సాహకం మాత్రమే ఇచ్చాం" అన్నది కేంద్రం వైపు వాదన. కాగితం మీద నిజమే. కానీ రాజ్యాంగం 293వ అధికరణం ప్రకారం, కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కొత్త అప్పు చేయాలంటే కేంద్రం అనుమతి తీసుకోవాలి. ఆ అనుమతికి షరతులు పెట్టే హక్కూ కేంద్రానికి ఉంది. బాకీ లేని రాష్ట్రం ఏది? ఆ ఆగస్టు 27న జీఎస్టీ కౌన్సిల్‌లో రాష్ట్రాలకు ఇవ్వవలసిన పరిహారంలో లోటు 2.35 లక్షల కోట్ల రూపాయల దాకా ఉంటుందని లెక్క తేలింది. కరోనా దైవ ఘటన అని ఆర్థిక మంత్రి అన్నదీ ఆ రోజే. చేతిలో ఉన్న పన్నుల్ని జీఎస్టీలో కలిపేసుకుని, రావలసిన పరిహారానికి అప్పు దారి చూపించి, ఆ మిగతా అప్పుకి షరతు పెడితే, దాన్ని ప్రోత్సాహకం అనడం కాస్త పెద్ద మాటే.

అయితే రాష్ట్రం చేతులు కట్టేసి ఉన్నాయనీ అనలేం. అప్పటి ప్రభుత్వం ఈ పని చేసిన వేగం చూస్తే ఇష్టం లేక చేసినట్టు కనిపించదు. మున్సిపల్ చట్టాల సవరణ ముందు ఆర్డినెన్స్‌గా వచ్చింది. 2020 నవంబర్ 24న 198 నంబర్ జీవోతో నిబంధనలు వచ్చేశాయి. నీరు, మురుగునీటి చార్జీల కోసం 196, 197. అసెంబ్లీ శీతాకాల సమావేశాలు మొదలైంది నవంబర్ 30న. అంటే రూల్స్ ముందు, సభలో చర్చ తర్వాత. ఆ సమావేశాలు జరిగింది అయిదు రోజులు.

ఇక విశాఖ మాట. జీవీఎంసీకి 2007లో ఎన్నికైన కౌన్సిల్ గడువు 2012లో తీరిపోయింది. తర్వాత తొమ్మిదేళ్ళు ప్రత్యేకాధికారుల పాలన. ఇంటి పన్ను పునాదే మారిపోయిన నవంబర్ 2020లో ఈ నగరంలో ఒక్క కార్పొరేటర్ లేడు. వార్డులో ఎవరి గుమ్మం ముందుకెళ్ళి అడగాలో తెలియదు. ఆస్తి పన్ను మున్సిపాలిటీల సొంత ఆదాయమని, స్థానిక స్వపరిపాలనకు అదే ఊపిరని చెప్పేవాళ్ళు ఈ ఒక్క విషయాన్ని ఎందుకో దాటేస్తుంటారు.

2021 జనవరిలో కేంద్ర ఆర్థిక శాఖ ప్రకటన వచ్చింది. పట్టణ సంస్కరణలు పూర్తి చేసిన తొలి రాష్ట్రాలు ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్. బహుమానంగా ఆంధ్రప్రదేశ్‌కి 2,525 కోట్లు. అది గ్రాంటు కాదు, బహిరంగ మార్కెట్లో అదనంగా అప్పు తెచ్చుకోవడానికి అనుమతి. వడ్డీ మనమే కట్టాలి, అసలూ మనమే కట్టాలి. ఒక్క ఏడాది అప్పు కోసం మార్చిన పన్ను పద్ధతి మాత్రం ఏటా ఉంటుంది.

జీవీఎంసీ ఎన్నికలు ఆ తర్వాత, మార్చి 10న జరిగాయి. 98 వార్డుల్లో 58 అప్పటి అధికార పక్షానివి, 30 తెలుగుదేశానివి, వామపక్షాలకు చెరొకటి. కొత్త కౌన్సిల్ చేతికి వచ్చింది అప్పటికే వండిన వంట. ఎంత ఉప్పు వేయాలన్నది మాత్రం వీళ్ళకు వదిలారు. నివాసాలకు మూలధన విలువలో (అంటే రిజిస్ట్రేషన్ విలువతో లెక్కేసిన స్థలం, కట్టడం ధరలో) 0.10 నుంచి 0.50 శాతం, నివాసేతరాలకు 0.20 నుంచి 2 శాతం. ఈ గీతల మధ్య ఎక్కడైనా నిలబడొచ్చు, గీత దాటి కిందికి రాకూడదు.

ప్రభుత్వం చెప్పుకున్నదీ చెప్పాలి. ఇళ్ళ పన్ను చివరిసారి సవరించింది 2002లో, దుకాణాలవి 2007లో. ఇంతకాలం ఆగితే ఏ కార్పొరేషనూ నడవదు. ఒకే వీధిలో ఒకే సైజు ఇళ్ళకు వేర్వేరు పన్నులుండే పాత పద్ధతిలో బిల్ కలెక్టర్ ఇష్టారాజ్యం నడిచేది. కొత్త పద్ధతిలో సొంతదారు ఉంటున్న 375 చదరపు అడుగుల లోపు ఇంటికి ఏడాదికి 50 రూపాయలే. అప్పటి మున్సిపల్ మంత్రి బొత్స సత్యనారాయణ పదే పదే చెప్పిన హామీ, పెరుగుదల 15 శాతం దాటదని.

గొడవంతా ఆ 15 దగ్గరే. దాన్ని జనం ఒక్కసారి పెంపు అనుకున్నారు. నిబంధన ప్రకారం కొత్త విలువతో లెక్కేసిన పన్ను అందేదాకా ఏటా 15. నాలుగు వేలు కడుతున్న ఇల్లు మొదటి ఏడు 4,600, రెండో ఏడు 5,290, అలా అయిదో ఏటికి ఎనిమిది వేలు దాటుతుంది. కొత్తగా కట్టిన ఇంటికి పాత పన్నంటూ లేదు కనుక ఈ పరిమితీ లేదు, మొదటి రోజు నుంచే పూర్తి లెక్క. అందుకే మధురవాడ కొత్త ఫ్లాట్ల వాళ్ళ బాధ ఒకటి, కంచరపాలెం పాత ఇళ్ళ వాళ్ళ బాధ ఇంకొకటి.

కంచరపాలెం బాధ ఎక్కువ చెప్పుకోవలసింది. పోర్టులోనో రైల్వేలోనో పనిచేసి రిటైరై, నలభై ఏళ్ళ కిందట కొన్న వంద గజాల్లో కట్టుకున్న ఇల్లు. చుట్టూ నేల ధర పెరిగింది. పెన్షన్ ఆ లెక్కన పెరగలేదు. ఇల్లు అమ్మితే కదా ఆ విలువ చేతికొచ్చేది! అద్దె ఆధారంగా పన్ను వేస్తే ఆ ఇంటి నుంచి రాగల ఆదాయంతో పన్నుకు ఒక సంబంధం ఉండేది. ఇప్పుడా సంబంధం తెగిపోయిందన్నది అపార్ట్‌మెంట్ సంఘాలు, వామపక్షాలు మొదటి నుంచీ చెబుతున్న మాట. దానికి లెక్కలతో జవాబు చెప్పినవాళ్ళు నాకైతే కనిపించలేదు. రిజిస్ట్రేషన్ విలువ పెంచినప్పుడల్లా పన్ను అందుకోవలసిన గమ్యం ఇంకాస్త దూరం జరుగుతుందన్నది వాళ్ళ ఇంకో భయం. 2025 ఫిబ్రవరి 1 నుంచి రాష్ట్రంలో ఆ విలువలు మళ్ళీ సవరించారు.

కరోనా ఏడాదితో ఆ షరతు ముగిసిందని అనుకునేవాళ్ళున్నారు. ముగియలేదు. 15వ ఆర్థిక సంఘం నగరాలకిచ్చే 2021-26 గ్రాంట్లకు అదే షరతు పెట్టింది. కనీస రేట్లు నోటిఫై చేయాలి, ఆపైన రాష్ట్ర స్థూల ఉత్పత్తి పెరిగే వేగంతో సమానంగా వసూళ్ళు పెరుగుతూ ఉండాలి. ఇక 2023 ఫిబ్రవరి 1న లోక్‌సభలో బడ్జెట్ చదువుతూ ఆర్థిక మంత్రే చెప్పారు: ఆస్తి పన్ను సంస్కరణలు, యూజర్ చార్జీల ద్వారా నగరాలు మున్సిపల్ బాండ్లు (మార్కెట్లో అప్పు తెచ్చే పత్రాలు) తెచ్చుకునే స్థాయికి ఎదిగేలా ప్రోత్సహిస్తామని. విశాఖకు బాండ్ల రుచి అప్పటికే తెలుసు, 2018 డిసెంబర్‌లో జీవీఎంసీ 80 కోట్లు అలా తెచ్చింది. రాష్ట్ర జాబితాలోని పన్ను బడ్జెట్ ప్రసంగంలోకి రాగలిగినప్పుడు, ప్రశ్నోత్తరాల్లోకి ఎందుకు రాకూడదో తెలియదు.

2024లో ప్రభుత్వం మారింది. ప్రతిపక్షంలో ఉండగా ఈ జీవోల మీద ధర్నాలు చేసినవాళ్ళే అధికారంలోకి వచ్చారు. అక్టోబర్ 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు చెత్త పన్ను రద్దు ప్రకటించారు. తర్వాత అసెంబ్లీ చట్టం సవరించింది. ఇంటికి నెలనెలా వసూలు చేసే చెత్త చార్జీ పోయింది, జనం సంతోషించారు. మూలధన విలువ పద్ధతి ఆ సవరణలో లేదు. చెత్త పన్ను తీసేస్తే ఢిల్లీ అడగదు, ఆస్తి పన్ను వెనక్కి తీసుకుంటే గ్రాంట్ల లెక్క అడుగుతుంది. ఏది రద్దయి ఏది మిగిలిందో చూస్తే చాలు. 2025 ఏప్రిల్‌లో జీవీఎంసీ మేయర్ కూడా మారారు. కౌన్సిల్లో వాళ్ళు ఇటు, వీళ్ళు అటు కూర్చున్నారు. రేట్ల గీతలు ఉన్నచోటే ఉన్నాయి.

ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ 30 లోపు ఒకేసారి కడితే 5 శాతం రాయితీ. కట్టకపోతే బకాయి మీద నెలకు 2 శాతం వడ్డీ. ఆ నెలంతా జోనల్ ఆఫీసుల కౌంటర్ల దగ్గర క్యూ ఉంటుంది. గాంధీ విగ్రహం దగ్గర ప్లకార్డు పట్టుకున్న వాళ్ళలో చాలామంది ఆ క్యూలోనూ కనిపిస్తారు.